దారం మేస్త్రి విప్పుకున్న ఇల్లు

ఆ వీధిలో దారం మేస్త్రి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా చూపించేవారు. ఇప్పుడు అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆయన తాపీ మేస్త్రి. గోడ కట్టే ముందు రెండు మేకులకి దారం బిగించి, ఒక కన్ను మూసుకుని దాని వెంట చూస్తూ నిలబడిపోయేవాడు. అప్పుడు పక్కన పిడుగు పడ్డా పలికేవాడు కాదు. "ఇటుకతో మంతనాలు సాగుతున్నాయి, కాసేపు ఆగండ్రా" అని కూలీలు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆ పేరు అలా వచ్చింది. ఒకరి ఇంట్లో గోడ వంకర పోతే ఆయనకి అన్నం సహించేది కాదు.

ఆయన భార్యకి నడివయసులోనే చూపు తగ్గడం మొదలైంది. ముందు పక్కల నుంచి వచ్చే మనుషులు కనపడకుండా పోయారు. తర్వాత ఎదురుగా ఉన్నవాళ్లూ మసకబారారు. కంటి నరం ఎండిపోయింది, ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పిన రోజు, ఇంటికొచ్చే దారంతా ఆయన కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. ఆమే ఆయన్ని ఊరడించింది. "చచ్చిపోలేదుగా, ఉన్నాగా. అంత మొహం వేలాడేసుకోకు. నాకు కనపడదు కానీ నీ అడుగుల్లో తెలుస్తోంది."

మర్నాడు ఆయన ఏ పనికీ పోలేదు. తన సొంత ఇంట్లోనే తాపీ పట్టాడు. గుమ్మాల దగ్గర ఎత్తులన్నీ చెక్కి నేలకి సమం చేశాడు. గోడల మూలలు గుండ్రం చేశాడు. ఆమెను గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి హాయిగా ఆనే ఎత్తు చూసుకుని, ఆ ఎత్తులో ఇల్లంతా వేలి మందాన సిమెంటు పట్టీ తీశాడు. వంటింటి వైపు పట్టీ అలలు అలలుగా ఉంటుంది. స్నానాల గది దగ్గర గరుకుగా ఉంటుంది. పెరటి మెట్లకు ఒక జానెడు ముందే ఆగిపోతుంది.

"పట్టీ ఆగిన చోట నువ్వూ ఆగు. అంతే."

నెల తిరిగేసరికి ఆమె ఆ ఇంట్లో చేప నీళ్లలో తిరిగినట్టు తిరిగింది. వండేది, ఉతికేది, వచ్చినవాళ్లకు ఎదురెళ్లి కుర్చీ వేసేది. కొత్తవాళ్లకి ఆమెకు చూపు లేదని తెలియడానికి ఒక పూట పట్టేది. ఎవరి చెయ్యీ అడక్కుండా ఆమె అలా తిరగడం చూసినప్పుడు మేస్త్రికి కడుపు నిండేది. బయట ఎన్ని మేడలు కట్టినా తను కట్టింది ఇదొక్కటే అనిపించేది.

పక్కింటి టైలరు ఆమెను అక్కా అనీ, ఆయన్ని బావా అనీ పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, గోడ ఒకటే. మిషను తొక్కి తొక్కి విసుగొచ్చినప్పుడల్లా వీళ్ల వంటింట్లోకి వచ్చి డబ్బాలు వెతికేవాడు.

"అక్కకి కనపడదని నువ్వు ఊరంతా చెప్పి జాలి సంపాదిస్తున్నావు బావా. చక్కెర ఎక్కడుందో కళ్లున్న నాకే దొరకడం లేదు."

"నువ్వు వెతికేది చక్కెర కాదు, బిస్కెట్లు," అనేది ఆమె పొయ్యి దగ్గర నుంచే. "మూత చప్పుడు వినిపించింది. రెండు తీసుకుని మిగతావి పెట్టెయ్."

"మూడు తీశానక్కా."

"నాలుగు. నీ సంగతి నాకు తెలియదా?"

అలాంటి వీధి మీదకు ఫ్లైఓవరు వచ్చింది. ఒక రోజు మనుషులొచ్చి కొలతలు తీసుకున్నారు. ఇంకో రోజు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టిపోయారు. ఇళ్లు పోయేవాళ్లకు ఊరి చివర తలా ఒక స్థలం ఇస్తామన్నారు. వీధి వీధంతా ఒక్కటై కోర్టుకెక్కింది. వాళ్ల తరఫున వాదించడానికి ఒప్పుకున్న లాయరమ్మ చిన్న వయసు మనిషి. ఇంటింటికీ తిరిగి చెప్పిందే చెప్పింది.

"కేసు తేలేదాకా ఎవరూ ఒక్క పెంకు కూడా కదపకండి. ఇల్లు నిలబడి ఉంటేనే దాని గురించి నేను నిలబడగలను."

మేస్త్రి బుద్ధిగా తల ఊపాడు. కానీ ఆయన మనసు అప్పటికే ఇంకో దారి పట్టింది. మరో పేటలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన కళ్లారా చూశాడు. బుల్డోజరు ఒక్క తోపు తోస్తే గుమ్మం, కిటికీ, ఇటుక అన్నీ కలిసి పిండైపోయాయి. ఆ ఇంటివాళ్లు ఆ కుప్పలో నుంచి ఒక గొళ్లెం కూడా ఏరుకోలేకపోయారు. తన ఇంటిని అలా చెయ్యనిస్తాడా? తనే విప్పుకుంటే ఒక్క ఇటుక చిట్లదు. అవే ఇటుకలు, అవే తలుపులు, అదే కొలత. కొత్త స్థలంలో అచ్చం అదే ఇల్లు లేపితే ఆమె చేతికి తేడా తెలియదు. మిగతావాళ్లకి ఇల్లంటే నాలుగు గోడలు, ఎక్కడ కట్టినా ఇల్లే. ఆమెకి అలా కాదు. ఆలస్యం చేస్తే బుల్డోజరు వచ్చిపడుతుంది. ఇదీ ఆయన లెక్క. మేస్త్రి కాని మనిషికి ఈ ఆలోచనే వచ్చి ఉండేది కాదు.

భూసేకరణ ఆఫీసులో అధికారి సంతోషించాడు. "మీరే తీసేసుకుంటే మాకూ ఒక తలనొప్పి తగ్గుతుంది మేస్త్రిగారూ. ఇక్కడ సంతకం పెట్టండి. కొత్త స్థలం మొదట మీకే."

ఇంటికొచ్చి భార్యతో, "సామాన్లు సర్దాలి. కొన్నాళ్లు అద్దె గదిలో ఉండి, కొత్త చోట ఇదే ఇల్లు కట్టుకుందాం" అన్నాడు.

"అప్పుడే? అందరూ వెళ్తున్నారా?"

"ప్రభుత్వం పని. మన చేతుల్లో ఏముంది?"

అందరూ వెళ్తున్నారో లేదో ఆయన చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

ఆమెను రెండు వీధుల అవతల మేడ మీద గదిలో దింపి వచ్చి, పైకప్పు నుంచి మొదలుపెట్టాడు. టైలరు మెడలో టేపు వేలాడుతుండగానే పరిగెత్తుకొచ్చాడు.

"బావా, మతి ఉండే చేస్తున్నావా? కేసు నడుస్తోంది కదా!"

"కేసు నడుస్తుంది. బుల్డోజరు పరిగెడుతుంది. నువ్వు కాస్త పక్కకి జరుగు, పెంకులు పడతాయి."

"అక్కకి చెప్పావా?"

"చెప్పా."

టైలరు పెంకులు పడని దూరానికి జరిగాడు. మేస్త్రి ఇటుకల్ని గోడ గోడకీ విడివిడిగా పేర్చుకున్నాడు. పట్టీ ఎత్తులు, గుమ్మాల వెడల్పులు దారానికి ముడులేసి దాచుకున్నాడు. కట్టేటప్పుడు ఎంత నెమ్మదో విప్పేటప్పుడూ అంతే నెమ్మది. చివరి వరస తీసేసరికి ఆయన చేతులు రక్తం ఓడాయి. ఒక్క ఇటుక మాత్రం విరగలేదు. దానికి ఆయన గర్వపడ్డాడు కూడా.

ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. కోర్టు ఫ్లైఓవరుని కొట్టేసింది.

వీధంతా ఇళ్లలో నుంచి బయటికొచ్చింది. ముసలివాళ్లు గోడల మీద ఎండిపోయిన ఎర్ర గుర్తులను గోళ్లతో గీకుతున్నారు. టైలరు కొట్టు మూసేసి, "గెలిచాం, గెలిచాం" అని అరుచుకుంటూ వస్తూ వస్తూ, ఇటుకల దొంతుల మధ్య నిలబడ్డ మేస్త్రిని చూసి ఆగిపోయాడు. అటొక ఇల్లు, ఇటొక ఇల్లు, మధ్యలో పన్ను ఊడిన చోటులా ఆ ఖాళీ.

"బావా..." అన్నాడు. పోయి ఒక దొంతి మీద కూర్చున్నాడు.

మేస్త్రి ఆఫీసుకి పరిగెత్తాడు. అధికారి కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. చెడ్డవాడేం కాదు.

"ఊరి చివర స్థలాలు ప్రాజెక్టు కోసం కేటాయించినవి. ప్రాజెక్టే లేనప్పుడు అవీ లేనట్టే."

"పోనీండి బాబూ, నా పాత జాగా నాకుంది. ఇటుకలున్నాయి, చేతులున్నాయి. నేనే కట్టుకుంటా."

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చిక్కంతా అక్కడే ఉంది. రోడ్డు ఇంకో వైపు నుంచి పోనిస్తారో, ఏం చేస్తారో తేలేదాకా ఆ వీధిలో ఎవరూ కొత్తగా ఏమీ కట్టకూడదని ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది. నిలబడి ఉన్న ఇళ్ల జోలికి మాత్రం ఎవరూ రాకూడదు."

"నాది కొత్తది కాదండీ. ఉన్నదే. విప్పానంతే."

"మాకు దొరికింది ఖాళీ జాగా మేస్త్రిగారూ. మేం కూల్చి ఉంటే మళ్లీ కట్టించమని కోర్టే చెప్పేది. మీరంతట మీరే తీసుకున్నారు."

అక్కడి నుంచి లాయరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె విని చేతిలో ఫైలు మూసింది. "కొత్తగా కట్టకూడదన్న నిబంధన అడిగింది నేనే," అంది. "కాంట్రాక్టర్లు వచ్చి మీ వీధిలో పాగా వెయ్యకుండా. మీ అందరి కోసమే అడిగాను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మేస్త్రే, "నువ్వేం చేస్తావమ్మా, చెప్పావుగా" అని ఆమెను సముదాయించాడు. ఆయన ఒక్కడి కోసం మళ్లీ అర్జీ వేసింది. వాయిదా మీద వాయిదా పడుతోంది. రెండు ఆఫీసుల మధ్యా, కోర్టు వరండాల్లోనూ మేస్త్రి చెప్పులు అరిగిపోయాయి. పనులు ఒప్పుకోవడం మానేశాడు. ఏ క్షణాన అనుమతి వస్తుందో, ఇంకొకరి గోడ మధ్యలో ఎలా వదిలేస్తాడు?

మేడ మీద గదిలో ఆమె మొదట్లో గోడ పట్టుకుని నడిచి చూసింది. ఆ గోడలు ఆమెకు ఏమీ చెప్పలేదు. స్నానాల గది వరండా చివర ఉంది, అద్దెకున్న వాళ్లందరికీ అదొక్కటే. దారిలో ఎవరిదో సైకిలు, ఎవరివో చెప్పులు, రోజుకో చోట బకెట్లు. ఒకసారి బకెట్ తన్నుకుని పడింది. చీలమండ వాచింది. వాపు తగ్గినా మంచం దిగడానికి ఆమె కాళ్లు ఒప్పుకోలేదు. ఆయన ఉంటే ఆయన చెయ్యి పట్టుకునేది. లేకపోతే కూర్చున్న చోటే కూర్చునేది, దాహమేసినా సరే.

అలా కూర్చున్న మనిషికి నిజం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. సాయంత్రం రాగానే, "ఇవాళ వంటింటి గోడ లేచిందే" అనేవాడు.

"పొయ్యి గట్టు అదే ఎత్తు పెట్టావా?"

"అదే."

"కిటికీ?"

"ఆ కిటికీయే. రేపు బిగిస్తా."

ఆమె మొహంలో వెలుగొచ్చేది. ఆ వెలుగు కోసం మర్నాడు ఇంకో గోడ కట్టేవాడు. పడక గది అయింది. ముందు గది అయింది. కట్టిన కొద్దీ ఆయనకు భయం పెరిగింది. మాటల్లో కట్టినా ఇల్లు ఎప్పటికో ఒకప్పటికి పూర్తవుతుంది కదా.

ఒక మధ్యాహ్నం వాయిదా పడి తొందరగా వచ్చాడు. ఆమె చీలమండకు నూనె రాస్తున్నాడు. ఆమె వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. అరచెయ్యి తిప్పి, దాని మీద తన బొటనవేలు మెల్లగా రుద్దింది.

"ఏంటే?"

"సిమెంటు తిన్న చెయ్యి నూనె పీల్చేస్తుంది. నీ కాపురానికొచ్చిన నాటి నుంచి చూస్తున్నా." ఆమె ఇంకోసారి రుద్దింది. "ఈ చెయ్యి జారుతోంది. ఇది గుమాస్తా చెయ్యి. నువ్వు గోడ ముట్టుకుని ఎన్నాళ్లయింది?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"కొత్త ఇల్లు లేదు కదూ?"

"లేదు."

"అయితే మన వీధి? అదైనా ఉందా?"

"ఉంది."

"టైలరు తమ్ముడిది?"

"ఉంది. అందరివీ ఉన్నాయి."

"మనదే లేదు," అంది. అది ప్రశ్న కాదు. "ఎందుకు ఆగిపోయింది ఫ్లైఓవరు?"

"కోర్టు కొట్టేసింది. అక్కడ ఉండే జనాన్ని కూర్చోబెట్టి అడగాలంట ముందు. అడక్కుండా గుర్తులు పెట్టారని కొట్టేసింది."

కింద వీధిలో ఎవరో ఆటో ఆపి బేరమాడుతున్నారు. బేరం తెగేదాకా ఆమె వింది.

"నన్నూ నువ్వు అడగలేదు," అంది తర్వాత. గొంతు పెంచలేదు. "అడిగి ఉంటే వద్దనేదాన్ని. కూల్చేదాకా ఉందాం, కూల్చే రోజు కూడా ఇందులోనే తిరుగుతా అనేదాన్ని. నా కోసమే విప్పావని నాకు తెలుసయ్యా. నాతో ఒక్క మాట అనకుండా విప్పావు."

మేస్త్రి ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. అధికారికి చెప్పాడు, టైలరుకి చెప్పాడు, లాయరమ్మ మాట పెడచెవిన పెట్టాడు. ఇన్నాళ్లూ తన తప్పు సంతకం పెట్టడమే అనుకున్నాడు. మంచం పట్టీ మీద తల ఆనించి కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఆయన తల మీదకు వస్తుందేమో అని ఒక క్షణం ఎదురు చూశాడు. రాలేదు.

చాలాసేపటికి ఆమే, "స్నానాల గదికి వెళ్లాలి. తీసుకెళ్లు" అంది.

లేచి చెయ్యిచ్చాడు. వరండాలో అడ్డంగా ఉన్న సైకిలు జరిపాడు, చెప్పులు కాలితో పక్కకి నెట్టాడు. ఆమె ఆయన వెనకాలే, ఆయన ఎలా తిప్పితే అలా తిరుగుతూ వచ్చింది. తలుపు దగ్గర, "వెళ్లిపోకు. మళ్లీ నువ్వే తీసుకెళ్లాలి" అని లోపలికి వెళ్లి గడియ కోసం తడుముకుంది. ఆ తడుములాట బయటికి వినపడుతూనే ఉంది. ఆయన కదల్లేదు.

పక్క గది ఆవిడ బకెట్ పట్టుకుని వచ్చింది. "లోపల ఎవరన్నా ఉన్నారా మేస్త్రిగారూ?"

"మా ఆవిడమ్మా," అన్నాడు. "కాస్త ఆలస్యమవుతుంది."