దిష్టి పోచ

ఆ చాప ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, అటక మీద, చుట్టచుట్టి. చుట్టాలొచ్చినప్పుడు ఎవరైనా దాన్ని దించబోతే వద్దంటాను. ఎందుకని అడిగితే చెప్పే ఓపిక ఉండదు. ఈ ఒక్కసారికి చెబుతాను.

యాభైల చివర్లో నేను నెల్లూరు జిల్లా కోట అనే ఊళ్ళో బడిపంతుల్ని. బడి అయ్యాక సైకిలెక్కి ఊరూరా పోయి ముహూర్తాల మీద, జాతకాల మీద, దిష్టి మీద సభల్లో మాట్లాడేవాణ్ణి. ఎదుటివాడు నోరు మూసుకుంటే గెలిచాననుకునేవాణ్ణి. అట్లా చాలా గెలిచాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గెలుపుల్లో ఎన్ని నిజమైనవో చెప్పలేను.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే ఒక ఊళ్ళో తుంగచాపలు నేసే ముస్లిం దంపతులు ఉండేవారు. మగ్గమంటే గుంజలకు బిగించిన దారాలు, కూర్చోవడానికి ఒక బల్ల, అంతే. ఆమె బల్ల మీద కూర్చుని అచ్చుతో పోచల్ని బిగించి కొడుతుంటే, భర్త పక్కనుంచి ఒక్కొక్క పోచా అందించేవాడు. తుంగను చీల్చి, ఎండబెట్టి, ఎర్రరంగులో ఉడికించేది కూడా వాళ్ళే. ఆమె నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమెకు పని నేర్పింది మేనత్తట. ఆ మేనత్త రెండో ప్రపంచ యుద్ధానికి ముందే భర్త వెంట మలయా రబ్బరు తోటలకు పోయింది. యుద్ధమొచ్చాక ఉత్తరాలు ఆగిపోయాయి. ఉందో లేదో ఎవరికీ తెలియదు.

అరవైల్లోకి వచ్చేసరికి వాళ్ళకు గడవడం కష్టమైంది. వీళ్ళ చాపలు కొనే నెల్లూరు కొట్టాయన చౌక చాపలకు మరిగి వీళ్ళవి తీసుకోవడం తగ్గించాడు. మగ్గం ఆగితే ఉప్పు పండించే కొటార్లలో కూలే గతి. అంతకుముందు ఒక ఎండాకాలం ఆమె కొటార్ల పనికి పోయి చూసింది. ఆ ఉప్పునీళ్ళలో నిలబడి అరికాళ్ళు పగిలి, మళ్ళీ వానలు పడేదాకా సరిగ్గా నడవలేకపోయింది. ఆ కాళ్ళు నేను చూశాను.

అందుకే పత్రికలో ఆ ప్రకటన కనబడగానే కత్తిరించి జేబులో పెట్టుకున్నాను. విదేశంలో ఒక నగరంలో చేతిపనుల పోటీ. ఒక్కొక్క ప్రాంతపు పనితనాన్నీ, ఆ ప్రాంతం వదిలి వేరే దేశాల్లో స్థిరపడినవాళ్ళ పనితనాన్నీ పక్కపక్కన పెట్టి బహుమతులిస్తారట. బహుమతి వస్తే సర్కారు వారి అమ్మకపు శాల ఏటా చాపలు కొంటుందని నాకు తెలిసిన ఒక అధికారి రాశాడు. ఆమెకు చెప్పాను. ఆమె భర్త ముఖం చూసింది. రెండు నెలలు ఇద్దరూ ఒక్క చాప పని మీదే కూర్చున్నారు.

అంత సన్నటి చాప నేను మళ్ళీ చూడలేదు. మడిస్తే ధోవతిలాగా మడత పడేది. కానీ ఎర్రటి అంచులో, ఎడమ మూల, ఒకే ఒక్క నల్లపోచ ఉంది.

ఇదెందుకక్కా, దిష్టికా అని అడిగాను. ఆమె అంచు ముడులు వేస్తూ తల ఎత్తలేదు. భర్త నవ్వి, అట్లాంటిదే అనుకోండి అన్నాడు.

నాకది చాలు. పసిబిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టే బుద్ధే ఇదని మొదలుపెట్టాను. మసీదుకు పోయినా గుడికి పోయినా మన భయాలు ఒకటేనన్నాను. కంటిచూపుకు చాపను పాడుచేసే శక్తి ఉంటే కొట్టాయన చూపుకు ఈ ఊళ్ళో చాపలన్నీ ఎప్పుడో చిరిగిపోవాలి గదా అన్నాను. దేశాలన్నీ చూసే చోటికి మన మూఢనమ్మకాన్ని పంపుదామా అన్నాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. చివరికి ఆ భర్తే, "తీసెయ్‌మే. దేవుణ్ణే తీసేసినోడు అయ్యవారు, ఒక పోచతో పోయేదేముండాది" అన్నాడు.

అందరం నవ్వాం. ఆమె నవ్విందో లేదో నేను చూడలేదు. అంచు విప్పి, నల్లపోచ లాగేసి, ఎర్రపోచ దూర్చి మళ్ళీ ముడులు వేసింది. దానికి సాయంత్రం దాకా పట్టింది.

పోటీ కాగితం నేనే నింపాను. తయారుచేసినవారి ప్రత్యేకమైన గుర్తు ఏదైనా ఉంటే రాయమని ఒక గడి ఉంది. లేదు అని రాశాను. గూడూరు పోయి రైలు పార్సెల్లో వేసి వచ్చాను. ఆ వారమే దిష్టి మీద ఒక వ్యాసం రాశాను, ఒక చదువులేని స్త్రీ హేతువుకు ఎట్లా తలవంచిందో వర్ణిస్తూ. దాన్ని ఇప్పుడు చదవలేను.

మరుసటి ఏడు చాప తిరిగి వచ్చింది. వెంట ఒక ఉత్తరం, బహుమతులు పొందినవాటి బొమ్మల పుస్తకం. పని చాలా నైపుణ్యంగా ఉంది గాని, ఇది చేతిపనో యంత్రం పనో తేల్చుకోలేకపోయాం అని ఉత్తరం. రెండూ తీసుకుని ఆమె దగ్గరికి పోయాను. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన. దిష్టి తగిలిందంటుంది, దానికి జవాబేం చెప్పాలి అని. సైకిలు మీదే జవాబు తయారుచేసుకున్నాను.

ఆమె దిష్టి మాటే ఎత్తలేదు. ఉత్తరం విని పుస్తకం అందుకుంది. పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది. బహుమతి పొందిన తుంగచాప. ఎర్రంచులో, కుడి మూల, ఒక నల్లపోచ. ఆ ఒక్క పోచే చేతిపనికి సాక్ష్యమని న్యాయనిర్ణేతలు నాలుగు వాక్యాలు రాశారు. మలయాలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబపు స్త్రీ నేసిందని కింద ఉంది. చదివి చెప్పాను.

ఆమె ఆ మూల మీద వేలు పెట్టింది. "కుడి పక్క అంచు నించి అయిదోది. ఇది మా మేనత్త పోచ. నాది ఎడమ పక్క మూడోది. మగ్గమెక్కిన నాడు ఆమే పెట్టిచ్చింది. ఎవురు నేసిందో తెలియాలని ఇంటికొక పోచ."

మరి నేను దిష్టి అంటుంటే కాదని ఎందుకు చెప్పలేదక్కా అన్నాను.

"మీరు అడిగింది యాడ అయ్యవారూ? చెప్పినారు."

కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. చాప ఆమె ముందు పెడితే, నా పోచ లేంది నాదెట్లయితది, మీరే ఉంచుకోండి అంది. పుస్తకంలో ఆ పేజీ మాత్రం చింపి ఇమ్మంది. ఆధారం చూపమని ఊరందర్నీ నిలదీసినవాణ్ణి, ఒక్క పోచ సంగతి అడిగి, జవాబొచ్చేదాకా ఆగలేకపోయాను.

అధికారికి తప్పు నాదని రాశాను. పోటీ ముగిసింది, ఇక చేయగలిగింది లేదని జవాబిచ్చాడు. ఎండాకాలం రాకముందే మగ్గం విప్పి దారాలు చుట్టేశారు. ఇద్దరూ కొటార్లకు పోయారు.

పోటీవారి ద్వారా మలయాలో ఆ చాప నేసినామెకు అక్క తరఫున ఉత్తరం రాశాను. చాలా నెలలకు జవాబు వచ్చింది. ఇచ్చొద్దామని కొటార్లకు పోయాను. తెల్లటి మడుల మధ్య మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టి ఉప్పు గోకుతోంది. చేతులు ఉప్పుగా ఉండాయి, మీరే విప్పి చదవండి అంది. రాసింది మేనత్త కూతురు. అమ్మ పోయి ఆరేళ్ళయిందనీ, అప్పట్నుంచి అమ్మ పోచే తానూ వేస్తున్నాననీ రాసింది. చివర ఒక ప్రశ్న ఉంది. వదినా, నీది ఇంకా మూడోదేనా?

ఆమె గోకుడుపార ఆనుకుని నిలబడింది. ఆ పాదాల వైపు చూడకుండా ఉండడానికి నేను కాగితం మడతపెట్టాను.

"రాయండి అయ్యవారూ. మూడోదేనని రాయండి."

సభల్లో అబద్ధం మీద ఎన్నిసార్లు విరుచుకుపడ్డానో. ఆ రోజు ఇంటికొచ్చి, మూడోదే అని రాశాను.