అత్తమ్మ చూసిన ఉప్పు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. జనగామ నుంచి భూపాలపల్లిలోని మా ఆడబిడ్డ ఇంటికి కారులో బయలుదేరాం. చుట్టుదారైనా మహబూబాబాద్ మీదుగానే పోవాలని మా అత్తమ్మ పట్టుబట్టింది. అక్కడ ఒక హోటల్లో పప్పన్నం గొప్పగా ఉంటుందని ఎవరో ఆమె చెవిన వేశారు.

తీరా వెళ్తే హోటల్‌కు తాళం. ఎదురుగా ఉద్యమకారులు రోడ్డు ఆపేసి, అక్కడే వంటావార్పు పెట్టారు. "తిన్నంకనే తొవ్వ ఇస్తం, దిగుండ్రి" అన్నారు. మేమూ బంతిలో కూర్చున్నాం.

మొదటి ముద్ద నోట్లో పెట్టగానే అత్తమ్మ, "గిదేం పప్పు? ఉప్పే లేదు. ఎవరు వండిండ్రు?" అని గట్టిగా అడిగేసింది.

బంతి మొత్తం మావైపు తిరిగింది. ఉద్యమం వంటకే వంక పెడతారా అని మీదికొస్తారేమోనని నేను అత్తమ్మ మోచెయ్యి గిల్లాను.

గరిటె పట్టుకున్న పెద్దమనిషి దగ్గరికొచ్చాడు. "నేనే అవ్వా. గా తాళమేసిన హోటల్ నాదే. రోజూ వండెటోళ్లకు ఇయ్యాల నేను వండి పెడుదామనుకున్న" అన్నాడు.

మా పక్కన తింటున్న ఆ హోటల్ వంటాయన మెల్లగా, "సేటు వండిండని మేం సప్పుడు చెయ్యక తింటున్నం" అన్నాడు. అంతా ఒకటే నవ్వు. అత్తమ్మ కొంగు నడుముకు చెక్కి, గుండిగలో ఉప్పేసి, చివరి బంతి లేచేదాకా వడ్డించింది.

రాష్ట్రం వచ్చాక అదే హోటల్‌కు వెళ్లాం. ఆయన గుర్తుపట్టి, గిన్నెలో పప్పు తెచ్చి, "ఉప్పు చూడు అవ్వా" అన్నాడు. నేను మళ్లీ అత్తమ్మ మోచెయ్యి పట్టుకున్నాను.

అత్తమ్మ తీరిగ్గా చప్పరించి అంది: "మంచిగున్నది. గిది నువ్వు వండలే!"