ఎర్రరాయి మీద గెస్టులం

అందరి తలలకీ సరిపోతుందని రాసి అమ్మే టోపీ ఇంతవరకూ ఒక్కటీ నా తలకి సరిపోలేదు. నా తల మరీ చెప్పుకోదగ్గదేమీ కాదు. క్షవరం చేసినవాళ్ళెవరూ ఇప్పటిదాకా ఫిర్యాదు చేయలేదు. అయినా హైదరాబాదులో కొన్నా, అమెరికాలో మేముండే అల్ఫారెట్టాలో కొన్నా, ఆ మాట రాసి ఉన్న టోపీ చెవులకి పైన ఎక్కడో ఆగిపోతుంది. అద్దంలో చూసుకుంటే పెద్ద సీసాకి చిన్న మూత పెట్టినట్టుంటుంది. అడిగితే, వాడగా వాడగా సాగుతుందంటారు. సాగదు. నుదురే సర్దుకుంటుంది.

కిందటి వసంతంలో యూటాలోని ఎర్రరాళ్ళ ఎడారిలో, హోటల్ పక్కనున్న కొట్లో మళ్ళీ అలాంటిదే ఒకటి కొన్నాను. ఎండ అలా ఉంది. నా జుట్టు సంగతి కూడా అలాగే ఉంది.

ఎడారి చూడ్డానికి వెళ్తున్నామని స్నేహితులకి చెప్పాం. చూడబోయింది మా అమ్మాయిని. కంప్యూటర్ సైన్స్ రెండేళ్ళు చదివాక, ఒక్క సెమిస్టర్ సెలవు పెడతానంది. పెద్ద పెద్ద టైర్లున్న, పైకప్పు లేని బండ్లలో టూరిస్టులని ఎక్కించుకుని రాతి గుట్టల మీద తిప్పే ఒక చిన్న కంపెనీలో వేసవికని చేరింది. వేసవి అయిపోయింది. ఆమె మాత్రం ఇంకా వేసవిలోనే ఉంది.

ఆ నెలాఖరులోగా తిరిగి చేరతానని చెప్పకపోతే కాలేజీలో సీటు పోతుంది. ఫోన్లో అడిగితే "ఆలోచిస్తున్నా నాన్నా" అంటుంది. ఆ మాట ఆమె ఏ అర్థంతో అంటుందో నాకు తెలుసు, ఆఫీసులో నేనూ అదే అర్థంతో అంటాను. అందుకని ఎదురుగా కూర్చుని అడిగి, వెంటబెట్టుకుని తెచ్చేద్దామనుకున్నాను. వెళ్ళేటప్పుడు రెండు టికెట్లు, వచ్చేటప్పుడు మూడు బుక్ చేశాను. మా ఇద్దరి మధ్య సీటు ఆమెది. విమానం ఎక్కినప్పుడల్లా జమయ్యే మైల్స్ ఊరికే పోవడమెందుకని, ఎయిర్‌లైన్‌లో ఆమె పేరనున్న మైలేజీ నంబరు కూడా ఎక్కించాను. ఆమెకి చెప్పలేదు, అంతే. కాన్సిల్ చేసుకునే వీలున్న టికెట్టు మోసం కిందికి రాదని నా అభిప్రాయం.

మా ఆవిడకి మాత్రం ప్రయాణానికి ముందు రోజు చెప్పాను. ఆమె సూట్‌కేసు సర్దడం ఆపి నా వైపు తిరిగింది.

"టూర్ అయ్యేదాకా ఆ మాటెత్తకండి. ముందు అది ఏం చేస్తోందో ఒకసారి కళ్ళతో చూడండి" అంది.

"ఏం చేస్తోందో నాకు తెలుసుగా."

"తెలుసులెండి. మొన్న గృహప్రవేశంలో చెప్పారుగా."

మొన్న మా స్నేహితుల గృహప్రవేశంలో ఒకాయన, అమ్మాయి ఏం చేస్తోందని అడిగారు. ఎర్త్ సైన్సెస్ వైపు వెళ్ళింది, ప్రస్తుతం ఫీల్డ్ వర్క్‌లో ఉందన్నాను. ఇందులో అబద్ధమెక్కడుందో నాకిప్పటికీ తెలీదు. అక్కడున్నదంతా ఎర్తే. పనంతా ఫీల్డులోనే. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు మా ఆవిడ పెరుగు పచ్చడి తేవడానికి కిచెన్‌లోకి వెళ్ళిపోతుంది. ఈ ఏడాదిగా పార్టీల్లో మాకు పెరుగు పచ్చడికి ఏ లోటూ లేదు.

టూర్ రోజు పొద్దున అమ్మాయి హోటల్‌కి వచ్చింది. ముఖం ఎండకి రాగి చెంబులా అయింది. చేతికి గ్లవ్స్, మెడలో రుమాలు. లాబీలో మమ్మల్ని కూర్చోబెట్టి, తను నిలబడి రూల్స్ చెప్పింది.

"టూర్‌లో నేను గైడ్. మీరు గెస్ట్స్. ఓకే? పేరెంట్స్ అని ఎవరికీ చెప్పొద్దు."

"ఏం, చెప్తే?"

"చెప్తే అందరూ నిన్నే క్వశ్చన్స్ అడుగుతారు నాన్నా. నువ్వు ఆన్సర్ చేస్తావు. టూర్ అయిపోతుంది."

న్యాయమే అనిపించింది.

"ఇంకోటి. జోక్స్ నేనే వేస్తాను. నువ్వు వెయ్యొద్దు."

"నవ్వొచ్చా?"

"ఫన్నీగా ఉంటే." తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు నన్ను తిను తిను అనొద్దు. ప్లీజ్."

"నేనెందుకంటానే? ఊరూ పేరూ తెలీని గైడుకి నేనెందుకు పెడతాను?" అంది మా ఆవిడ, చెక్కల డబ్బాని బ్యాగు అడుక్కి తోస్తూ.

బండిలో మాతోపాటు అయోవా నుంచి వచ్చిన ముసలి దంపతులు మాత్రమే ఉన్నారు. పెద్దాయనకి సరిగా వినపడదు. ఇద్దరి చెవుల పనీ ఆవిడే చూసుకుంటోంది. వాళ్ళు ముందు వరసలో, మేం వెనక. మా అమ్మాయి బండి ముందు నిలబడి జాగ్రత్తలు చెప్పింది. బెల్టు ఎలా పెట్టుకోవాలో, కడ్డీ ఎక్కడ పట్టుకోవాలో, గుట్ట ఎక్కుతుంటే దేని మీద చేయి వేయకూడదో. చెప్పి, నా వైపు చూసి, "టోపీ పెట్టుకున్న సర్, అది నిలిచేలా లేదు, చేత్తో పట్టుకోండి" అంది ఇంగ్లీషులో. పుట్టినప్పటినుంచీ ఎరిగిన పిల్ల నన్ను సర్ అనడం అదే మొదటిసారి. తడబడకుండా అంది.

అక్కడ నాకొక సంగతి తట్టింది. మా ఇంట్లో అమ్మాయి మాట్లాడే తెలుగుకి అయిదేళ్ళ వయసు. అందులో కావాలి, వద్దు, ఆకలి, నిద్ర, సరే నాన్నా, ఇలాంటివే ఉంటాయి. అయిదేళ్ళప్పుడు స్కూల్‌కి వెళ్ళింది, తెలుగు అక్కడే ఆగిపోయింది, మిగతా మనిషి ముందుకెళ్ళిపోయింది. ఇన్నేళ్ళుగా నేను ఆ తెలుగుతోనే మాట్లాడుతూ, మనిషి కూడా అంతే ఉందనుకుంటున్నాను. ఇక్కడ నిలబడి, ఒక ముసలాయన బెల్టు సరిచేస్తూ, ఆయనకి చిన్నతనం అనిపించకుండా నవ్వించిన ఈ అమ్మాయిని నాకెవరూ పరిచయం చేయలేదు.

ఎడారి అంటే నేను ఇసుక అనుకున్నాను. ఇది రాయి. బోర్లించిన మూకుళ్ళలా ఒకదాని పక్కన ఒకటి ఎర్రటి గుట్టలు, కనుచూపు మేర. వాటి మీద టైర్లు రాసుకుని రాసుకుని నల్లటి చారలు పడ్డాయి. ఆ చారలు కొన్నిచోట్ల నేరుగా ఆకాశంలోకి పోతున్నాయి. మా బండి అటువైపే తిరిగింది.

మొదటి ఎత్తు ఎక్కేటప్పుడు నేను చూసినవి ఆకాశం, నా మోకాళ్ళు. ఆ వరసలో. మా ఆవిడ కడ్డీ వదిలేసి నా ముంజేయి పట్టుకుంది. కడ్డీ అయితే బండికి బిగించి ఉంది, నన్ను బిగించినవాళ్ళెవరూ లేరు, ఆ మాట చెప్పే సమయం కాదు. ఆంజనేయ దండకం గొణగడం మొదలుపెట్టింది. నా కుడికాలు దానంతటది బండి నేలని నొక్కుతోంది. ఈ కాలికి ఇది పాత అలవాటు. మా ఇంటి దగ్గర చర్చి పార్కింగ్‌లో అమ్మాయికి డ్రైవింగ్ నేర్పినప్పుడు, పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు నొక్కీ నొక్కీ ఆ మ్యాట్‌కి గుంట చేశాను. అప్పట్లో నేను నేర్పిన పాఠం ఒక్కటే. స్లో, స్లో.

ఇక్కడ ఆమె అంతకంటే స్లోగా వెళ్తోంది. ఎంత స్లో అంటే, ఒక్కొక్క టైరూ రాయిని పట్టుకోవడం సీటులోంచి తెలుస్తోంది. చేతులు తిప్పడం లేదు, ఊరికే స్టీరింగ్ మీద ఉన్నాయి. సరిగ్గా బండి ముక్కు పైకి లేచినప్పుడు నాకు రెండు చేతులూ అవసరమయ్యాయి. టోపీ పోయింది.

"ఆ టోపీ మనకంటే ముందే కిందికి వెళ్ళాలనుకుంది సర్. తిరిగొచ్చేటప్పుడు కలుద్దాం" అంది అద్దంలోంచి. అయోవా ఆవిడ పకపకా నవ్వి, భర్త చెవిలో మళ్ళీ చెప్పింది. ఆయన కూడా నవ్వాడు. ఒక టోపీకి రెండుసార్లు నవ్వులొచ్చాయి.

పైన బండి ఆపి, ఇంజన్ కట్టేసింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మా కాలనీలో ఎవరో ఒకరు ఎప్పుడూ మోటారు బ్లోయరుతో ఎండుటాకులు ఊదుతూనే ఉంటారు. దూరంగా మంచు కప్పిన కొండలు, దగ్గర్లో ఎర్రరాయి, మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని చూడ్డానికే జనం ఇంత దూరం వస్తారని అప్పుడర్థమైంది.

అయోవా ఆవిడ, ఈ పని చేస్తున్నట్టు మీ ఇంట్లో తెలుసా అని అడిగింది గైడుని.

"తెలుసు" అంది మా అమ్మాయి. రాతి మీద గొంతుక్కూర్చుంది, తల్లిలాగే. "మా నాన్న ఇరవై ఏళ్ళుగా ఒకటే ఉద్యోగం చేస్తున్నారు. ఆయనేం చేస్తారో నేనెవరికీ చెప్పలేను, నాకర్థం కాదు కనక. నేనేం చేస్తానో ఆయనకి బాగా అర్థమైంది."

అక్కడ ఆగింది. ఆ ఆగడం నాది. నా చేతి గడియారాన్ని మరొకరి చేతికి చూసినట్టయింది. జోకు చెప్పేటప్పుడు చివరి ముక్కకి ముందు ఊపిరి తీసుకుని, వేరే ఏదో చూస్తున్నట్టు పక్కకి తిరగడం నా ముప్పై ఏళ్ళ సాధన. ఆఫీసు మీటింగుల్లో అలా ఆగితే, నెట్ పోయిందనుకుంటారు.

"ఆయన కూడా ఎవరికీ చెప్పరు."

అయోవా ఆవిడ తొడ చరుచుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఫన్నీగా ఉంటే నవ్వొచ్చని అనుమతి ఉంది కదా.

"పాపం, ఆ తండ్రి" అంది ఆవిడ నా వైపు తిరిగి.

"పాపమే" అన్నాను.

మా ఆవిడ చెక్కల డబ్బా తీసి అయోవా వాళ్ళకి పెట్టింది. ఆవిడ ఒకటి కొరికి, కళ్ళు పెద్దవి చేసి, గైడు కూడా తినాల్సిందేనని పట్టుబట్టింది. మా అమ్మాయి ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "కారంగా ఉంటుందా మేడమ్?" అని అడిగింది.

"కొంచెమే. అలవాటు లేకపోతే నీళ్ళు తాగండి" అంది మా ఆవిడ, మొహంలో ఏ మార్పూ లేకుండా. అంత నటన నేను ఊహించలేదు. తల్లీకూతుళ్ళు రోజూ పొద్దున్నే ఫోన్లో మాట్లాడుకుంటారని తెలుసుగానీ, ఇంత రిహార్సల్ ఉందని తెలీదు.

గైడు నాలుగు చెక్కలు తింది. ఎవరూ తినమనలేదు.

"మీకు పిల్లలున్నారా?" అడిగింది అయోవా ఆవిడ నన్ను.

"ఒక్కతే అమ్మాయి."

"ఏం చేస్తుంది?"

ఎడారిలో కిచెన్ లేదు. మా ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేకపోయింది. నాలుగడుగుల అవతల గైడు నీళ్ళ సీసాలు డబ్బాలో సర్దుతోంది. సీసాల చప్పుడు ఆగింది. ఎర్త్ సైన్సెస్ అన్న మాట నోటి దాకా వచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"బండి నడుపుతుంది" అన్నాను. "టూరిస్టులని తిప్పుతుంది."

"మంచి పని. నేను స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాను" అని ఆవిడ ఇంకో చెక్క తీసుకుంది. అంతే. భూమి ఏమీ కదల్లేదు. నిజానికి అల్ఫారెట్టాకి అయోవా చాలా దూరం. ఈ సంగతి ఆవిడ నలుగురికి చెప్పినా, మా గృహప్రవేశాల దాకా రాదు. నా ధైర్యానికి ఆమాత్రం దూరం కావాలి.

సీసాల చప్పుడు మళ్ళీ మొదలైంది.

దిగేటప్పుడు ఆమె బండి ఒక చోట ఆపి, ఆ ఏటవాలు రాతి మీద మా ఇంటి మెట్లు దిగినంత మామూలుగా నడిచి వెళ్ళి, పొదకి చిక్కుకున్న టోపీ తెచ్చింది. "సర్, మీ టోపీ" అని ఇచ్చి, ఎవరికీ వినపడకుండా, "నాన్నా, ఇది నీకు స్మాల్" అంది.

టూర్ కంపెనీ ఆఫీసు దగ్గర దిగాక అయోవా వాళ్ళు గైడుని కౌగిలించుకుని, మాకు చేతులూపి వెళ్ళిపోయారు. ఆమె గ్లవ్స్ తీసేసి, మా అమ్మాయి అయింది. తల్లి భుజం మీద గడ్డం ఆనించి నన్ను చూసింది.

"ఎలా ఉంది నాన్నా?"

"డ్రైవింగ్ బాగుంది. ఒక్కసారి కూడా స్లో అనాల్సిన అవసరం రాలేదు."

"టూ టైమ్స్ అన్నావు. నాకు వినిపించింది."

లోపలే అనుకున్నాననుకున్నాను.

"జోకు కూడా బాగుంది" అన్నాను. "రోజూ చెప్తావా?"

"లేదు. ఇవాళ ఫస్ట్ టైమ్."

మర్నాడు పొద్దున్నే ఫ్లైట్. టూర్ అయిపోయింది కనక, మా ఆవిడ పెట్టిన గడువు కూడా అయిపోయింది. నేను టోపీ తీసి చేత్తో తిప్పుతూ, మొదటి మాట కోసం వెతుక్కుంటున్నాను. అది టికెట్ గురించో, కాలేజీ గురించో, లేక ఆ రెండూ కానిదో నాకే తేలడం లేదు. ఇంతలో ఆమె జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"ఎయిర్‌లైన్ వాళ్ళు పొద్దున్నుంచి చెక్-ఇన్ చెయ్యి చెయ్యి అని మెసేజెస్ పెడుతున్నారు. నా మైల్స్ నంబర్ ఇచ్చావు కదా. నువ్వు బుక్ చేసిన రోజే నాకు ఈమెయిల్ వచ్చింది."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆ గుట్టలేవో అప్పుడే కొత్తగా మొలిచినట్టు ఆమె వాటి వైపు చూస్తోంది.

"నేను రావట్లేదు నాన్నా" అంది అమ్మాయి. గొంతులో కోపం లేదు. గుట్ట మీద బెల్టుల గురించి చెప్పినట్టే చెప్పింది. "'వస్తావా' అని అడుగుతావని వెయిట్ చేశాను. అడగలేదు. డైరెక్ట్‌గా సీట్ బుక్ చేశావు. అది కూడా మిడిల్ సీట్."