మూసిన మరకు వచ్చిన బిల్లు

నేను తిరిగిన ఊళ్లలో దయ్యాల కథలకు కొదవ లేదు. రేవుల్లో మునిగిన పడవల సరంగులు, సత్రాల మెట్ల మీద ఏడ్చే ఆడవాళ్లు, పాత పుస్తకాల్లో నిధులకు కాపలా కాసేవాళ్లు. వాళ్లలో ఒక్కరికైనా కరెంటు బిల్లు వచ్చినట్టు చదవలేదు, వినలేదు. పిండిమర అక్క సంగతి తలుచుకుంటే ముందు ఆ మాటే గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

ఆమె మర వెనక గదిలో నేను అద్దెకుండేవాణ్ణి, ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లు. వీధి మొత్తానికి అక్క, నాకు మాత్రం అమ్మాయి. నేను ఆమెకు బాబాయిని. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసే మర నడిపేవారు. ఆయన పైన గింజలు పోసేవాడు, ఆమె కింద పిండి పట్టేది. మర తిరుగుతుంటే మాట వినపడదు కనుక రేకు డబ్బా మీద తట్టుకుంటూ మాట్లాడుకునేవారు: ఆపు, పొయ్యి, బరకగా పడుతోంది, తిందాం రా. పోట్లాటలు కూడా ఆ తట్లతోనే. సాయంత్రానికి ఇద్దరూ కనుబొమ్మల దాకా తెల్లబడి, ఒక్కపూటలో ముసలివాళ్లైపోయినట్టు వీధిలోకి వచ్చేవారు.

ఒక వానాకాలం ఆయనకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. మర మూసేశారు. నేనప్పుడు వేరే ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాను. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. చలి ముదిరాక ఆమె మళ్లీ మర తెరిచింది. తెరిచీ తెరవగానే బిల్లు వచ్చింది: మూసి ఉన్న నెలలన్నిటికీ, మర రోజూ తిరిగినట్టే.

కట్టకపోతే లైను పీకేస్తారు. లైను పోతే మర లేదు. మర తప్ప ఆమెకు వేరే బతుకుతెరువు లేదు. కరెంటాఫీసుకు తోడు వెళ్లాను. గుమాస్తా బిల్లును తిరగేసి మరగేసి చూశాడు.

"మీటరు చూపించిందే వేశామమ్మా. దానికి మీ మీద కోపమా, నా మీద ప్రేమా?"

"మర మూసే ఉంది బాబూ."

"మూసిన మర దానంతటది తిరుగుతుందా? లోపల ఎవరో ఉండాలిగా. ఎవరున్నారు?"

ఎవరూ లేరు అంటుందని ఎదురుచూశాను.

"ఏమో" అంది ఆమె.

"ఏమో అంటే నేనేం రాసుకోవాలి? తేల్చుకుని రండి."

మరోసారి వెళ్లాం. అదే ప్రశ్న, అదే ఏమో. మెట్లు దిగుతూ మందలించాను.

"అదేంటమ్మాయ్! గెలిచే మాట నాలిక చివర పెట్టుకుని మింగేస్తావేం?"

ఆ ఏమో వెనకున్న సంగతి తరవాత చెప్పింది ఎదురింటి కుట్టుపనావిడ. "నేను చెవులారా విన్నాను బాబాయ్ గారూ. సాయంత్రాలు మర ఆడినట్టే గుయ్యిమనేది. పాపం, పని చూసుకుంటున్నాడు అనుకునేదాన్ని. ఆయన లేడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చేది! ఇక తలుపు గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. పరామర్శకి వెళ్లినప్పుడు అక్కకీ చెప్పాను."

పరామర్శకు వెళ్లి చెప్పాల్సిన మాటేనా అది? అప్పటినుంచి ఆమెను గమనించాను. మర ఆపాక మోటారు మీద చెయ్యి వేసి చూసేది, జ్వరం చూసినట్టు. పొద్దున తాళం తీసి వెంటనే లోపలికి వెళ్లేది కాదు; గడపలో నిలబడి, అడుగులేమైనా పడ్డాయా అని నేల మీది పిండి వైపు వంగి చూసేది. ఒక రోజు తనే నోరు విప్పింది.

"ఆసుపత్రిలో నన్ను పొమ్మనేవారు బాబాయ్. మర పాడైపోతుంది, వెళ్లి తిప్పు అనేవారు. నేను కదల్లేదు. ఆయనే వచ్చి తిప్పుకున్నారేమో. బిల్లు తప్పని నేనంటే, ఆయన రాలేదని నేనే చెప్పినట్టు కాదూ?"

అలమారల కొద్దీ పుస్తకాలు చదివినవాణ్ణి. ఆ రాత్రి వాటన్నిటినీ తలుచుకుంటూ మర తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

చివరికి లైను పీకడానికే వచ్చారు, ఇంజనీరూ లైన్‌మనూ, మిట్టమధ్యాహ్నం. మర గోడకూ పక్కనున్న ఐసు దుకాణం గోడకూ మధ్య ఒకే చెక్క మీద రెండు మీటర్లు ఉండేవి. ఆ వానాకాలంలోనే కొత్తవి బిగించారు. పీకే ముందు పరీక్ష చెయ్యమని నేను పట్టుబట్టాను. లైన్‌మన్ మరలోకి వెళ్లి మెయిను దించాడు. లోపల దీపం ఆరింది. మర మీటరు మీది ఎర్ర చుక్క మాత్రం, లోపల ఎవరో కరెంటు వాడుతున్నట్టే, వెలుగుతూ ఆరుతూనే ఉంది.

ఆమె చప్పున గోడ పట్టుకుంది. భయం కాదది. ఎదురుచూసిన మనిషి మలుపు తిరిగి కనపడ్డప్పటి ముఖం.

లైన్‌మన్ తల గోక్కుని ఐసు దుకాణంలోకి వెళ్లాడు. అక్కడి మిషన్ కట్టేశాడు. ఎర్ర చుక్క ఆగిపోయింది.

"తీగలు తారుమారు చేశార్సార్, బిగించినప్పుడే" అన్నాడు. "ఐసు ఖర్చంతా ఈవిడ లెక్కలో పడింది."

"ఏమయ్యా, అన్ని నెలలు నీకు చారెడు బిల్లొస్తే అనుమానం రాలేదా?" అన్నాను ఐసు కుర్రాడితో.

"తక్కువొచ్చిందని ఆఫీసుకెళ్లి గొడవపడేవాణ్ణి మీరెక్కడైనా చూశారా బాబాయ్?"

కుట్టుపనావిడ విన్న చప్పుడూ అదే. ఏళ్ల తరబడి మర మోతలో మునిగిపోయిన ఐసు మిషన్, మర మూగబోయాకే వీధికి వినపడింది.

"ఇంకొక్కసారి వెయ్యండి" అంది ఆమె. వేశారు. చుక్క వెలిగింది. కట్టేశారు. ఆరింది.

ఇంజనీరు కాగితం తీశాడు. "బిల్లు సరిచేస్తాం. మీ నోటితో ఒక్కమాట కావాలి. ఆ నెలల్లో లోపల ఎవరైనా ఉన్నారా?"

ఆమె మరలోకి చూసింది. ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు.

"లేరు" అంది. "ఎవరూ లేరు."

వాళ్లు తీగలు మార్చి వెళ్లిపోయారు. కుర్రాడు మిషన్ వెయ్యబోతే చెయ్యెత్తి ఆపింది.

"కాసేపు ఉండనీ తమ్ముడూ."

"కరిగిపోద్దక్కా!"

"కరిగింది నా ఖాతాలో రాసుకో. అలవాటేగా నీకు."

వాడు మిషన్ మీంచి చెయ్యి తీసి ఇటు వచ్చాడు. మేం ముగ్గురం మర గుమ్మంలో నిలబడ్డాం. లోపల రేకు సందులోంచి పడే ఎండలో పిండి నలకలు తేలుతున్నాయి. ఇటు ఐసు పెట్టె కింద నీళ్లు చుక్క చుక్కగా పడుతున్నాయి. నాకు ఇంకేమీ వినపడలేదు. ఆమె తల పక్కకు వంచి వింటూనే ఉంది.

"ఇక వేసుకో" అంది చివరికి.

మిషన్ గుయ్యిమంది. అది ఏ చప్పుడో, ఎక్కడిదో తెలిసి కూడా, ఆమె గబుక్కున మరలోకి తిరిగి చూసింది.