చేయి తిప్పి ముట్టుకునే మనిషి

మా ఎదురింటి లైన్‌మన్ గారు పోయారని మొన్న ఉదయం కొట్లో ఉండగా ఫోన్ వచ్చింది. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఆయన్ని అరుగు మీద చూశాను. ఎవరు చెప్పారు, ఎప్పుడు పోయారు, మీరు కళ్లారా చూశారా అని ఫోన్ చేసినాయన్ని మూడుసార్లు అడిగాను. విసుక్కుని పెట్టేశాడు. కొట్టుకు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేశాక మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగి చూసి అప్పుడు బయల్దేరాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. దానివల్ల ఆ పెద్దమనిషికి నేను చేసిన అన్యాయం ఒకటుంది. అది ఇక్కడ చెప్పుకోవాలి.

ఏలూరులో నాది టైలరింగు. మనిషి గుమ్మం ఎక్కగానే టేపు తీయకుండానే కొలత చెప్పేయగలనని నాకో గర్వం. ఆయనేమో కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా కొల్లేరు ఊళ్లలో, చేపల చెరువుల గట్ల మీద స్తంభాలెక్కుతూ గడిచింది. వీధిలో నడిచేటప్పుడు కూడా మనుషుల్ని కాదు, పైన తీగల్ని చూస్తూ నడిచేవారు. నమస్కారం పెడితే, ఆయన తిరిగి పెట్టేలోపు మనం మలుపు తిరిగిపోయేవాళ్లం. దాన్ని నేను పొగరు కింద జమకట్టాను.

రెండేళ్ల కిందట మా వీధి మసీదును కొత్తగా కట్టుకున్నాం. ప్రారంభం శుక్రవారం. ఆ రోజు ఎవరో గొడవ చేస్తారని పుకారు లేచింది. కమిటీ పెద్దలు పదిహేను మందిని వలంటీర్లుగా పెట్టి, గేటు బాధ్యత నాకిచ్చారు. ఆకుపచ్చ రిబ్బను బ్యాడ్జీ పెట్టుకున్నాక నాకు వీధిలో అందరూ దొంగల్లాగే కనిపించారు. పూలబుట్ట, పాలక్యాను, ఆఖరికి మా బావమరిది తెచ్చిన బిర్యానీ డేగిసా కూడా మూత తీయించి చూశాను.

అందరికంటే ఎక్కువ అనుమానం లైన్‌మన్ గారి మీదే. అంతకుముందు వారమంతా ఆయన రోజూ వచ్చి మసీదు ముందు నిలబడేవారు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకీ కిందికీ చూసేవారు. వెళ్లేముందు ఇనప గేటును, చేయి తిప్పి, వెనక వైపుతో ఒక్కసారి తాకి లాగేసుకునేవారు. నాకు ఒళ్లు మండింది. మా గేటు ముట్టుకుంటే ఆయనకు మైల అంటుతుందా అని నలుగురి దగ్గర అన్నాను. ఆ నలుగురూ వీధంతా అన్నారు. మావాళ్లు ఆయనతో మాటలు తగ్గించేశారు.

శుక్రవారం పదకొండింటికి ఆయన చేతిసంచితో గేటు దగ్గరకొచ్చారు. తెరవమన్నాను. టెస్టరు, కటింగ్ ప్లేయరు, రబ్బరు గ్లవ్స్. ఇవెందుకని నిలదీశాను. పొద్దున లైట్లు కట్టారు కదా, షామియానా పైపులు ఒకసారి చూసి పోతానన్నారు. అవసరం లేదండీ, మాకు మనుషులున్నారని చెప్పి పంపించేశాను. ఆయన సంచి మూసుకుని వెళ్లి తన అరుగు మీద కూర్చున్నారు. నేనూ ఒక కన్ను అటే వేసి ఉంచాను.

గేటు పక్కనే కుళాయిలు పెట్టించాం. వచ్చినవాళ్లు నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుని, తడి చేతులతోనే షామియానా పైపు పట్టుకుని గడప దాటుతున్నారు. ఇంతలో పెద్దలు వస్తున్నారని ఎవరో సీరియల్ లైట్లు వేశారు. వెంటనే ఆయన అరుగు దిగి మావైపు పరుగెత్తుకొచ్చారు. పుకారు నిజమైందనుకుని నేను చేతులు చాచి అడ్డం నిలబడ్డాను.

"మాస్టారూ, నన్ను తర్వాత పట్టుకుందురు గాని, ఆ పైపు ఎవరినీ ముట్టుకోనివ్వకండి," అన్నారు.

నన్ను తోసుకుని వెళ్లి పైపును అదే తీరుగా, చేయి తిప్పి తాకారు. చెయ్యి ఎగిరి వెనక్కొచ్చింది. లైట్ల తీగ పైపు అతుకులో నలిగి తొడుగు ఊడిపోయింది. మెయిన్ ఆపించేసరికి, వుజూ చేసుకుని లేచిన ఒక ముసలాయన తడిచెయ్యి పైపుకు జానెడు దూరంలో ఉంది.

నమాజయ్యాక లైన్‌మన్ గారి అరుగు ఎక్కి, చేయి ఎందుకలా తిప్పుతారని అడిగాను. అరచేత్తో పట్టుకుంటే కరెంటు వేళ్లను ముడిచేసి వదలనివ్వదట. వెనక వైపుతో తాకితే చెయ్యి విదిలించుకుని వచ్చేస్తుందట. కొల్లేరులో మోటారు పైపు పట్టుకుని చనిపోయిన తన హెల్పరు వేళ్లను ఆయనే ఒక్కొక్కటీ విడదీశారట. అప్పట్నుంచి ఇంట్లో ఫ్రిజ్ తలుపైనా అలాగే ముట్టుకుంటారట.

"మీవాళ్లు తడి చేతులతో వస్తారు కదండీ. అందుకే రోజూ చూసి పోయేవాణ్ణి," అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ వీధిలో నా మాట అప్పటికే కాళ్లు తెచ్చుకుంది. తీగ నలిగిన సంగతి ఆయనకెలా తెలిసింది, ఆయనే నలిపి ఉంటాడని కొందరన్నారు. ఆ తీగ కట్టింది ఆ ఉదయమే. ఆ ఉదయం ఆయన్ని గేటు దాటనివ్వనిది నేనే. ఆ ఒక్కమాట చెబితే చాలు. చెబితే, ఎందుకు దాటనివ్వలేదంటారు; మైల అన్న మొదటి మాట నాదేనని ఒప్పుకోవాలి. ఊరుకున్నాను.

తర్వాత ఆయనకు నాలుగు చొక్కాలు కుట్టాను. కొలత తీసిన ప్రతిసారీ చెబుదామనుకుని, టేపు మెళ్లో వేసుకుని కొలతలు రాసుకునేవాణ్ణి. "అనుమానం మంచిదేనండీ మాస్టారూ. వస్తువుని అనుమానిస్తే ప్రాణాలు మిగుల్తాయి," అనేవారు. మనుషుల సంగతి ఎత్తేవారు కాదు. ఎత్తకపోవడం వల్లే, ఆయనకు అంతా తెలుసని నా అనుమానం.

లైన్‌మన్ గారూ, ఆ మాట పుట్టించింది నేనే. మీరు ఏ తీగా నలపలేదు. బతికుండగా మీ ముందు అనలేకపోయాను.

నిన్న శుక్రవారం నమాజుకు వెళ్తూ గేటు దగ్గర ఆగాను. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైన తీగల్ని చూశాను. తర్వాత చేయి తిప్పి, వెనక వైపుతో ఇనప కమ్మీని తాకి తీసుకున్నాను. పక్కన చెప్పులు విప్పుతున్న కొత్తాయన ఒకరు ఆగిపోయి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని, నా చేతి వంకే అనుమానంగా చూస్తున్నారు.