జానెడు కొసరు గొట్టం

నా నిశ్చితార్థం ముహూర్తం పది గంటల ఇరవై నిమిషాలకి. ఆ రోజు తొమ్మిదిన్నరకి నేను ద్వారపూడి దాటాక రోడ్డు పక్కన, పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, కారు బంపరు కింద తల దూర్చి ఉన్నాను. మా పురోహితులు శాస్త్రిగారు పక్కనే గొడుగు పట్టుకుని నిలబడి, "కనిపించిందా అబ్బాయ్?" అని అడుగుతున్నారు. కనిపించవలసింది కనిపించింది. అది అక్కడికి ఎలా చేరిందో ఆయనకి చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. మీకు చెబుతాను, కడుపారా నవ్వుకోండి. ఇప్పుడు నాకేమీ అభ్యంతరం లేదు. పెళ్లయిపోయింది కదా.

మాది రాజమండ్రిలో బట్టల కొట్టు. పలక మీద అక్షరాలు దిద్దకముందే, బేరం ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో నేర్చుకున్నవాణ్ణి. అయినా బేరానికేముంది, అందరూ ఆడతారు. మా వంశానికి చేతనైన అసలు విద్య కొసరు. ధర తెగిపోయాక, సరుకు సంచిలో పడ్డాక, గుమ్మం దాకా నడిచి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, "మరి కొసరో?" అనాలి. అలా అనడానికి గుండె కావాలి. కొత్తిమీర కట్ట నుంచి కర్ర బీరువా దాకా నేను కొసరు లేకుండా కొన్న వస్తువు లేదు. బీరువాకి కొసరేమిటని మీరడగొచ్చు. పీట ఇచ్చాడండి.

ఇక కారు సంగతి. సామర్లకోట సంబంధం కుదురుతున్న రోజుల్లో నా దగ్గర ఒక పాత పెట్రోలు కారుండేది. పిలిస్తే పలికేది, తొక్కితే ఆగేది. ఇంజనుకి చప్పుడు లేకపోవడం పెద్ద లోపమని ఫోనులో వీడియోలు చూసి తెలుసుకున్నాను. కంపెనీవాళ్లు పెట్టిన గాలి డబ్బా పీకేసి, బయట దొరికే లావుపాటి గొట్టమూ, దాని చివర శంఖంలాంటి ఫిల్టరూ బిగిస్తే ఇంజను పులిలా గర్జిస్తుందట. దాని పేరు ఎయిర్ ఇన్‌టేక్.

నాకు పులి గర్జనతో పనేమిటంటే, కాబోయే అత్తగారికి ఈ సంబంధం మీద ఇంకా మనసు పూర్తిగా కుదరలేదని మధ్యవర్తి చెప్పాడు. "అబ్బాయి మంచివాడే గానీ, పొద్దస్తమానం కౌంటరు వెనక కూర్చునేవాడు, చురుకు తక్కువేమోనండి" అన్నారట ఆవిడ. చురుకంటే ఏమిటో వాళ్ల వీధిలోకి గర్జించుకుంటూ వెళ్లి చూపిద్దామనుకున్నాను.

కార్ల సామాన్లు అమ్మే సత్తిబాబు కొట్టుకి పొద్దున్నే బోణీ వేళకి చేరాను. మొదటి బేరాన్ని ఏ కొట్టువాడూ పోనివ్వడు. ఈ బలహీనత మా ఇంట్లోనే చూసి నేర్చుకున్నాను.

"రెండు రకాలున్నాయండి" అన్నాడు సత్తిబాబు. "ఈ పొట్టిది ఇంజను పక్కనే పైన కూర్చుంటుందండి. ఈ పొడుగుది బంపరు వెనక్కి కిందకంటా దిగుద్ది. చల్లగాలి తగులుద్దని దీనికి రేటెక్కువండి."

"ఏది తీసుకోమంటారు?"

"మన ఊళ్లకి పొట్టిదేనండి. కాలవ గట్ల రోడ్లు, బురద, దుమ్ము. కిందకి వేలాడేది మనకెందుకండి?"

"మరి చప్పుడో?"

"రెండూ ఒకటేనండి. పక్కింటాయన తిట్టేంత వత్తాది."

పొట్టిదానికే బేరం మొదలుపెట్టాను. పెదవి విరిచాను, లేచాను, కూర్చున్నాను, ఇంకో కొట్టు పేరు చెప్పాను. అతను టీ తెప్పించాడు. టీ తాగి మళ్లీ లేచాను. చివరికి అతని ముఖం ఉతికి ఆరేసిన తువ్వాలులా అయ్యాక ధర తెగింది. అప్పుడు గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగాను.

"మరి కొసరో?"

సత్తిబాబు చేతిలో ఉన్న పానా జారి కింద పడింది. "ఎయిర్ ఇన్‌టేకుకి కొసరేంటండీ?"

"బోణీ వేళ లేదనకూడదు సత్తిబాబుగారూ."

అతను నిట్టూర్చి, మూలనున్న పెట్టె గాలించి ఒక గొట్టం ముక్క తీశాడు. సరిగ్గా జానెడుంది. చివర రబ్బరు జాయింటు కూడా ఉంది. "ఎవరో కోయించుకుని వదిలేసిందండి. పట్టుకెళ్లి అటక మీద పెట్టుకోండి."

"అటక మీద ఎందుకండీ? బిగించెయ్యండి."

"ఇది బిగిస్తే ఫిల్టరు బంపరు కిందకి దిగిపోద్దండి. అప్పుడు పొట్టిదాన్ని కొని పొడుగుదాన్ని చేసినట్టవుద్ది."

చూశారా, సరిగ్గా అక్కడే నా బుద్ధి నేల మీద నిలవలేదు. పొట్టిదాని ధరకి పొడుగుది. మా తాతగారు విని ఉంటే ఫొటోలోంచి దిగి వచ్చి వీపు తట్టేవారు.

"బిగించండి" అన్నాను.

"నేను చెప్పాల్సింది చెప్పేనండి, ఆయ్" అని అతను బిగించాడు. ఫిల్టరు నంబరు ప్లేటు వెనక, రోడ్డుకి జానెడెత్తున వేలాడింది. గర్జన మాత్రం అద్భుతంగా వచ్చింది. మా వీధి కుక్కలు రెండు రోజులు మా ఇంటి వైపు రాలేదు.

నిశ్చితార్థం రోజున మావాళ్లంతా పొద్దున్నే వ్యానులో సామర్లకోట వెళ్లిపోయారు. శాస్త్రిగారిని ధవళేశ్వరంలో ఎక్కించుకుని తీసుకురావడం నా పని. ఆయన లేకపోతే లగ్నపత్రిక రాసేవారూ లేరు, చదివేవారూ లేరు. ఆ ముహూర్తం తప్పితే వెంటనే వర్జ్యం, మర్నాటి నుంచి మూఢం. మూడు నెలల దాకా మంచి రోజు లేదు. మనసు కుదరని అత్తగారికి మూడు నెలల గడువు ఇస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. నేను ఊహించుకునే తెల్లవారకముందు లేచాను.

కడియం దాకా బాగానే సాగింది. నర్సరీల మధ్య కావాలనే గట్టిగా తొక్కాను. శాస్త్రిగారు కాసేపు విని, "అబ్బాయ్, బండికి ఆయాసమా?" అన్నారు.

"అది పవరండి."

"మా అన్నగారికీ ఇలాగే వచ్చేది. డాక్టరుగారు ఉబ్బసం అన్నారు."

ద్వారపూడి దాటాక అసలు కథ. ముందురోజు వాన పడింది. రైతులు తడిసిన ధాన్యాన్ని రోడ్డు మీద సగం మేర బరకాలు పరిచి ఆరబోశారు. మిగిలిన సగంలో నీళ్లు నిలిచాయి. ధాన్యం తొక్కలేను, పాపం కదా. నీళ్లలోకి దించాను. మరీ లోతేమీ లేదు, కానీ ఫిల్టరు నిండా తడిసింది. నీళ్లు దాటీ దాటగానే ఎదురుగా ట్రాక్టరుకి పంకా తగిలించి, వానకి తడవని ధాన్యం తూర్పారబడుతున్నారు. ఆ తాలూ పొట్టూ దుమ్మూ మేఘంలా రోడ్డుకి అడ్డంగా వస్తోంది. నా పులి ఆ మేఘాన్ని పాయసంలా జుర్రుకుంది. ఓసారి ఎక్కిళ్లు పెట్టింది, ఇంకోసారి దగ్గింది, తర్వాత ఆగిపోయింది.

బంపరు కింద తల దూరిస్తే, ఫిల్టరు చుట్టూ తడి తాలు మందంగా అతుక్కుని, రెండు వైపులా కాల్చని దిబ్బరొట్టెలా ఉంది.

ధాన్యం దగ్గర ఉన్నవాళ్లు నలుగురు చేరారు. తలపాగా ఉన్న పెద్దాయన వంగి చూశాడు. "ఏంటి బాబూ అది, పందికొక్కా?"

"ఎయిర్ ఫిల్టరండి."

చేతిలో చేట ఉన్న ఆవిడ అడిగింది, "ఇంత కిందకి పెట్టించుకున్నారేంటి, రోడ్డు ఊడవడానికా?"

"చల్లగాలి కోసమండి."

"చల్లగాలి కావాలంటే అద్దం దింపుకోవాలి గానీ" అందామె.

"అది పీకేసి నడుపుకెళ్లండి" అన్నాడొకడు.

"పీకితే ఈ పొట్టంతా ఇంజనులోకి పోదా?" అన్నాడు పెద్దాయన. "ఉన్నది కాస్తా ఊడుద్ది."

ఫోను మోగింది. నాన్న.

"ఎక్కడరా?"

"దగ్గర్లోనే నాన్నా."

"దేనికి దగ్గర్లో?"

ఫోనులో నాన్న వెనక నుంచి సన్నాయి వినిపిస్తోంది. "అమ్మాయి వాళ్లమ్మగారు రెండుసార్లు గడియారం చూశారు. మూడోసారి చూడకముందు రా" అని పెట్టేశారు. నేను బరకం అంచున కూలబడ్డాను. గర్జించుకుంటూ వెళ్దామనుకున్న వీధికి అసలు వెళ్లనేమోననిపించింది.

అప్పుడే కడియం నుంచి మొక్కలేసుకుని ఒక మినీ లారీ వచ్చింది. పెద్దాయన రోడ్డు మధ్య నిలబడి ఆపించాడు. కాకినాడ వెళుతోందట, సామర్లకోట దారే.

"ముందు సీటులో మావాళ్లున్నారండి" అన్నాడు డ్రైవరు. "వెనక మొక్కల్లో నిలబడాలి మరి. మనిషికి ఇంతవుద్దండి."

"అంతెందుకవుతుందండీ, ఇద్దరికీ కలిపి..." అని నా నోరు దానంతటదే మొదలుపెట్టింది.

"అబ్బాయ్" అన్నారు శాస్త్రిగారు, పంచె గోచీ బిగించి చక్రం మీద కాలు వేస్తూ. "నోరు మూసుకుని ఎక్కు."

"మరి నా కారో?" అన్నాను పెద్దాయనతో.

"అదెక్కడికి పోద్ది బాబూ, పోలేకే కదా ఆగింది."

అలా గులాబీలూ మందారాలూ అశోక మొక్కల మధ్య, మెడ దాకా ఆకుల్లో మునిగి, ముళ్లు గుచ్చుకున్నప్పుడల్లా దేవుణ్ణి తలుచుకుంటూ ప్రయాణం చేశాం. శాస్త్రిగారు దారి పొడవునా వాచీ చూసుకుని "పదీ ఐదు", "పదీ తొమ్మిది" అంటుంటే, నాకు ఒక్కో నిమిషం ఒక్కో ముల్లులా తగిలింది. పదీ పదహారుకి లారీ వాళ్ల గుమ్మం ముందు ఆగింది.

సన్నాయివాళ్లు వాయించడం మానేశారు. నాన్న నన్ను చూసి తల పక్కకి తిప్పుకున్నారు. అత్తగారు మాత్రం మెట్లు దిగి లారీ దాకా వచ్చి, చెయ్యెత్తి మందారం ఆకు ఒకటి పట్టుకుని చూశారు.

"మొక్కలు తెచ్చారా నాయనా?" అన్నారు. ఆ గొంతులో ఇన్నాళ్లూ నేను వినని మెత్తదనం ఉంది. "అందరూ పళ్లూ మిఠాయిలూ తెస్తారు. మా పెరడు బోసిగా ఉందని మీకెవరు చెప్పారు?"

"అయ్యి కాకినాడ పార్టీవండి..." అని డ్రైవరు నోరు తెరిచాడు. నేను లారీలోంచి ఒక్క గెంతు గెంతి అతని చెయ్యి పట్టుకున్నాను. "పాతిక మొక్కలు దించండి. మీరెంతంటే అంత."

అతను ఎంతో చెప్పాడు. అంతా ఇచ్చేశాను. దూరం నుంచి చూస్తున్న మా నాన్నకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందంతో కాదు.

శాస్త్రిగారు తల మీది గులాబీ రేకులతోనే పీట మీద కూర్చుని, పదీ ఇరవైకి లగ్నపత్రిక రాయడం మొదలుపెట్టారు. అప్పుడు నేను వదిలిన ఊపిరికి ఎదుటి దీపం కొంచెం ఊగింది. మర్నాడు మెకానిక్కు చూసి ఇంజనులోకి చుక్క నీరు పోలేదని చెప్పాడు. పాత గాలి డబ్బా మళ్లీ బిగించాడు. కారు ఎప్పటిలా నోరు మెదపకుండా నడిచింది.

ఈ మధ్య ఒక సాయంత్రం మా వీధిలో ఎవరిదో కారు గర్జించుకుంటూ వెళ్లింది. మా ఆవిడ చెవులు మూసుకుని, "మా వీధి చివర ఒకడు ఇలాంటి బండే నడిపేవాడు. నన్ను చేసుకోవడానికి వచ్చేవాడు అలాంటి చప్పుడుతో వస్తే మాత్రం తలుపు తీయొద్దని అమ్మకి ముందే చెప్పాను" అంది. "మీరు పాపం మొక్కల లారీలో ఎంత చప్పుడు లేకుండా వచ్చారో."

నేను ఆమెకి ఏమీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇంజనుకి తగిలే ఏ వస్తువుకీ ఇక జన్మలో కొసరు అడగనని ఆ రాత్రే ఇలవేల్పు పటం ముందు నిలబడి, కర్పూరం వెలిగించి ప్రమాణం చేశాను. కొత్తిమీరకీ కూరగాయలకీ ఈ ప్రమాణం వర్తించదని కర్పూరం ఆరిపోయేలోపే మనవి చేసుకున్నాను.