పిల్లల బొమ్మల ముందు కూర్చున్న ఎస్తేరక్క

నిన్న పొద్దున ఆరున్నరకు ఫోన్ మోగింది. ఎస్తేరక్క తమ్ముడు.

"యాడుండావు పాపా? అక్క పోయింది."

ఏ అక్క అని అడిగాను. తెలిసే అడిగాను.

మదనపల్లెలో, తన ఇంట్లోనే. గుండెపోటు. మొన్న సాయంత్రం నాతో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడిన మనిషి.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

మీలో చాలామందికి అక్క తెలియదు. ఫొటోలు దిగేది కాదు. డ్రాయింగ్ టీచర్‌గా రిటైరయ్యాక ట్రైనింగ్ తీసుకుని, ఇంట్లో హింస పడ్డ పిల్లల చేత బొమ్మలు గీయిస్తూ వాళ్లతో కూర్చోవడం మొదలుపెట్టింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. సంచిలో తెల్లకాగితాలు, క్రేయాన్స్. ఎక్కడికైనా బస్సులోనే.

నేను పుంగనూరులో టీచర్ని. మా స్కూలుకు బుధవారం వచ్చేది.

మొదట్లో ఒక పాప పేజీ అంతా నల్లరంగు పూస్తే, "బాగా భయపడిందక్కా" అన్నాను, అంతా తెలిసినదానిలా.

"ఉండు పాపా. డబ్బాలో నలుపు ఒకటే మిగిలిందేమో సూడు. మనం సెప్పకూడదు. వాళ్లని సెప్పనీ."

నిజంగానే నలుపు ఒక్కటే మిగిలింది.

ఆరేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి.

మూడో తరగతి పాప. పేరు రాయను. చౌడేపల్లె వైపు నుంచి ఆటోలో వచ్చేది. ఒంటిమీద వాతలు చూసి నేనే అక్కకు చెప్పాను. అక్క పిల్లల రక్షణ ఆఫీసర్‌కు చెప్పింది. పాప ఇంటికి వచ్చి చూస్తామన్నారు, ఇంకా రాలేదు.

పాప నోరు విప్పేది కాదు. బొమ్మ మాత్రం గీసేది. ప్రతి వారం అదే ఇల్లు, ఇంటి ముందు నాయన. నాలుగేళ్ల చెల్లెలు మాత్రం ప్రతిసారీ వేరే చోట. ఒకసారి పశువుల కొట్టంలో. ఒకసారి టమాటా బుట్టల వెనక.

మూడో వారం చెల్లెల్ని నేల కింద గీసింది. ఒక చదరం లోపల, నిలబడి.

"ఈ బొమ్మలో ఏం జరుగుతా ఉండాదమ్మా?" అంది అక్క.

"సెల్లిని దాసిపెట్టినా. సంపులో. నీళ్లు ల్యావులే మేడమ్."

"ఎప్పుడు?"

"ఈ పొద్దే. బడికి వస్తా వస్తా. నాయన ఇంట్లోనే ఉండాడు."

అక్క గొంతు మారలేదు. "మీకు కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయి తల్లీ?"

పాప ఆలోచించింది.

"ఈ పొద్దే. మద్దేనం."

పదకొండున్నర దాటింది.

తల్లి తోటపనికి పోయింది. ఆమెకు ఫోన్ లేదు. మా రిజిస్టర్లో ఉన్న నంబరు తండ్రిది. డయల్ చేయబోతుంటే అక్క నా చేయి పట్టుకుంది. "వద్దు. వాడికి తెలీకూడదు."

ఆటోలో కూర్చుని పోలీసులకు, ఆఫీసర్‌కు ఫోన్ చేసింది. నేను దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

మేం చేరేసరికి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తండ్రి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవుర్ని ఎతుకుతాండారు మేడమ్?" మెల్లగా అడిగాడు. "సిన్నదాన్నా? నేనూ పొద్దన్నుంచీ దానికోసరమే ఎతుకుతాండా."

ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

సంపు మూత సగం తీసి ఉంది. లోపల చిన్నపాప, మోకాళ్ల దాకా నీళ్లలో, గౌను పైకి పట్టుకుని నిలబడి ఉంది. పిలిస్తే పలకలేదు. పెదాల మీద వేలు పెట్టుకుని మమ్మల్నే మాట్లాడొద్దంది.

నేను దిగి ఎత్తి అందించాను. అప్పుడు తండ్రి లేచాడు.

ఎస్తేరక్క పాపను చంకనేసుకుని అతనికి ఎదురుగా నడిచింది. "జరగప్పా. పిల్ల సలికి వణుకుతాండాది."

జరిగాడు. ఎందుకు జరిగాడో నాకు నేటికీ తెలియదు.

పోలీసులు వచ్చి కేసు రాశాక తల్లీబిడ్డలు కుప్పం వైపు అమ్మమ్మ ఊరికి చేరారు. అక్క ప్రతి శుక్రవారం అక్కడికి పోయేది. చిన్నది ఏడాది పాటు గీత కూడా గీయలేదు. అక్క పక్కన కూర్చునేది, అంతే.

ఒకరోజు కోడిని గీసింది.

"కోడికి ఐదు కాళ్లంట పాపా!" అని నాకు ఫోన్ చేసి అక్క ఏడ్చింది. అక్క ఏడవడం నేను విన్నది అదొక్కసారే.

కేసు ఉన్నా తండ్రి బయటే తిరుగుతున్నాడు. పోయిన నెల బస్సులో వచ్చి అక్క పక్క సీట్లో కూర్చున్నాడట. కుప్పం దాకా ఒక్క మాట మాట్లాడలేదట. అక్క పోలీసులకు రాసిచ్చింది. తర్వాతి శుక్రవారం మళ్లీ అదే బస్సు ఎక్కింది.

నిన్న ఎస్తేరక్క ఇంట్లో, అందరూ ఏడుస్తుంటే, నేను అక్క సంచి తెరిచాను.

పోయిన శుక్రవారం చిన్నపాప గీసిన బొమ్మ. అమ్మ, తన అక్క, అమ్మమ్మ. గోడ బయట ఇంకో మనిషి.

వెనక పెన్సిల్‌తో ఎస్తేరక్క రాత. "ఎవరని అడిగాను. చెప్పలేదు. మళ్లీ అడగాలి."

అక్కడి నుంచే ఆఫీసర్‌కు ఫోన్ చేశాను. సాయంత్రానికి తల్లినీ పిల్లల్నీ వేరే చోటికి మార్చారు. ఎక్కడికో రాయను.

ఎల్లుండి శుక్రవారం, అక్క బదులు ఆ పిల్లల దగ్గరికి నేను వెళ్తాను. కాగితం ఇచ్చి పక్కన కూర్చుంటాను. నాకు భయంగానే ఉంది.

ఇక బస్సుల్లో తిరిగింది చాలక్కా. ప్రభువు దగ్గర కాళ్లు చాపుకుని కూర్చో. నీకు నెమ్మది కలగాలి.